ముందుకు వంగిన ఇల్లు

...కాదు, గోడవార ఉన్నవాడు చావకూడదు. ఈ కాలవల ఊళ్ళో పుట్టిన పిల్లికి కూడా తెలుసు ఆ సంగతి. తలమీద సామాను వేలాడుతోందంటే రోడ్డు మధ్యకి పోకూడదు, నీళ్ళవైపు అసలు పోకూడదు, వీపు గోడకి అతికించి నిలబడాలి. కాలవగట్టు ఇళ్ళు కట్టినవాళ్ళు వాటిని కావాలనే ముందుకు వంచి కట్టారు. పై అంతస్తులోని దూలానికి కొక్కెం, కొక్కేనికి తాడు. ఇరుకు మెట్లమీంచి ఎక్కని బీరువాలన్నీ ఆ తాడుమీదే గోడకి తగలకుండా పైకి పోవాలి. మరి బీరువా అంత దూరంలో పడితే గుమ్మంలో ఉన్న మనిషి తల ఎలా పగిలింది?

ఇన్‌స్పెక్టర్ అలీడా టెర్ప్‌స్ట్రా ఈ ప్రశ్న రెండు రోజులుగా నములుతోంది. నమిలినకొద్దీ దవడలు నొప్పెడుతున్నాయి. తనకి కోపం వచ్చినప్పుడు అది ముందు దవడల్లోకి వస్తుందని ఆమెకి తెలుసు. అరవడం ఆమెకి చేతకాదు. కోపాన్ని లోపలికి, ఇంకా లోపలికి తొక్కుతుంది. ఈ ఊరి కింద బురదలోకి దిగగొట్టిన దుంగల్లాగే. నీళ్ళలో ఉన్నంతకాలం ఆ దుంగలు వందల ఏళ్ళు చెక్కుచెదరవు. గాలి సోకితేనే కుళ్ళు.

"రాసుకోండి మేడమ్. నేనే చంపాను."

ఎదురుగా కూర్చున్న మనిషి మళ్ళీ అన్నాడు. బ్రామ్ క్వాస్ట్. సామాన్లు ఎత్తేవాడు. స్టేషన్ గదిలో కుర్చీ అతని భుజాలకి చాలడం లేదు. రెండు అరచేతులూ బల్లమీద వెల్లకిలా పెట్టి వాటికేసే చూస్తున్నాడు.

"ఎలా చంపావో చెప్పు."

"ముడి జారింది."

"జారడం చూశావా?"

"చూడలేదు. కాఫీ తాగుతున్నా."

"అయితే నీకేం తెలుసు?"

"మరెలా పడుతుంది మేడమ్? బీరువా దానంతటది దిగొస్తుందా?" అతను అరచేతుల్లోంచి చూపు తియ్యలేదు. "తాడుమీద సామానుంటే వదిలేసి పోకూడదు. మా నాన్న చెప్పిన మొదటి మాట అది. నేను వదిలేసి పోయాను. ముసలాయన చచ్చాడు. ఇంకేం కావాలి మీకు?"

ఆమెకి కావలసింది వేరే. సాయంత్రం నాలుగింటికి ఇతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాటంటే జైలు ఖాయం. జైలు సంగతి అలా ఉంచితే, ఈ మనిషి ఇక బతికినన్నాళ్ళూ తన చేతులకేసి ఇలాగే చూస్తూ కూర్చుంటాడు. తప్పు తనమీద వేసుకోవడానికి ఇంత తొందరెందుకు మనుషులకి? ఎవరో ఒకరు దోషి అని తేలిపోతే లోకం మళ్ళీ సర్దుకుంటుందన్న ఆశా? ఆ ఆశమీద ఆమెకి అసహ్యం వేసింది.

"చేతులు కిందపెట్టు," అంది. "మొదటినుంచీ చెప్పు. బీరువా ఎంతవరకు ఎత్తారు?"

"మూడో అంతస్తు దాకా. పైన మా బావ ఉన్నాడు లోపలికి లాక్కోడానికి. కిటికీ చట్రం ఊడిరాలేదు. ఉలి కావాలన్నాడు. అప్పటికే వాన దంచేస్తోంది. పక్కింటాయన తలుపు తీసి బయటికొచ్చాడు. 'నా దగ్గర ఉలుంది, లోపలికి రండయ్యా, ఓ కప్పు కాఫీ తాగి పట్టుకుపోండి' అన్నాడు. తాడుని మెట్ల పక్క ఇనప కమ్మీకి బిగించి కట్టాను. మా బావనీ కిందకి పిలిచాను."

"పక్కింటాయన అంటే ఫ్లోరిస్ టెడింగ్. తన ఇంటిని హోటల్ చేస్తున్నాయన."

"ఆయనే. మర్యాదస్తుడు. వెనక తోటవైపు వంటింట్లో కూర్చోబెట్టాడు."

"బీరువా ఎక్కుతున్న ఇంటి ముసలాయన లాంబర్ట్ ఫెన్ ఎక్కడున్నాడు అప్పుడు?"

"పొద్దున్నించీ తన నేలమాళిగలోనే. కింద ఎవరిమీదో అరుస్తున్నాడు కాసేపు. ఆయన రోజూ ఎవరిమీదో ఒకరిమీద అరుస్తాడులెండి. తర్వాత ఊరుకున్నాడు."

"కాఫీకి ఎంతసేపు పట్టింది?"

బ్రామ్ సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. "ఎక్కువే. ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆయన ఫోన్ వచ్చిందని లోపలికెళ్ళాడు. బిస్కెట్లు తింటూ కూర్చున్నాం."

"బిస్కెట్లు?"

"నేను మూడు తిన్నా. మా బావ నాలుగు."

అలీడా చేతిలో పెన్ను ఆగింది.

"మూడా?"

"డబ్బా బల్లమీద వదిలేసి వెళ్ళాడు మేడమ్. మూత కూడా పెట్టలేదు. 'ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి' అన్నాడు. నేను పంతొమ్మిదేళ్ళుగా ఈ కాలవ ఇళ్ళల్లో సామాన్లు మోస్తున్నా. ఆ మాట నాతో ఎవ్వరూ అనలేదు."

ఎవరంటారు? డబ్బా తెరుచుకుంటుంది, ఒకటి తీసుకుంటావు, టక్కున మూత పడుతుంది. ఆ చప్పుడు అలీడాకి చిన్నప్పట్నించీ చెవిలో ఉంది. చుట్టాలింట్లో, టీచరుగారింట్లో, పెళ్ళికాకముందు అత్తగారింట్లో. ఇంక చాలు అని చెప్పే ఆ చిన్న రేకు చప్పుడు. పెద్దయ్యాక ఆమె ఇంట్లో బిస్కెట్ డబ్బాకి మూత ఉంచలేదు. ఎవరిముందూ అలా మూత వెయ్యలేదు. అందుకే ఊళ్ళో జనం ఆమెని కొంచెం తిక్కమనిషి అనుకుంటారు.

ఈ ఊళ్ళో మూత పెట్టని డబ్బా ఔదార్యం కాదు. అది ఎవరిదో అవసరం.

* * *

"పాపం, తాడువాడితో కన్నీళ్ళు పెట్టించావటగా." నడవాలో కాస్పర్ హోగ్లాండ్ ఎదురుపడ్డాడు. ఇద్దరిదీ ఒకటే హోదా. కేసు అతనిది. అది ప్రమాదమని, ముడి సరిగా వెయ్యకపోవడంవల్ల జరిగిందని మొదటిరోజే తేల్చేశాడు. "నాలుగింటికి మేజిస్ట్రేట్. నువ్వు మధ్యలో వేలు పెట్టకు."

"డాక్టరు ఏం చెప్పాడో విన్నావా? గాయంలో తెల్ల ప్లాస్టర్ పొడి ఉంది."

"పాత ఇల్లు. పొడి రాలుతుంది."

"రోడ్డుమీద ఉన్నది ఎర్ర ఇటుక, కాస్పర్. బీరువా ఓక్ చెక్క. ప్లాస్టర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకోటి. ఎడంకాలికి చెక్కబూటు ఉంది. కుడికాలికి లేదు. సాక్సు మడమ అరిగి చిరిగింది. ఎవరో ఈడ్చారు."

"రెండో బూటు దెబ్బకి ఎగిరి కాలవలో పడింది. కొట్టుకుపోయింది. నాకు తోచినంత సులువుగా నీకెందుకు తోచదమ్మా?" అతను నవ్వాడు. "ఏం, ఫ్రీస్లాండ్ గడ్డి మైదానాల్లోంచి వచ్చి మా కాలవ ఇళ్ళ గురించి మాకే పాఠాలా? మీ ఊళ్ళో ఎత్తైనది ఏముంటుంది, ఆవు తప్ప?"

దవడలు మళ్ళీ బిగుసుకున్నాయి. బదులు చెబితే మాట పోతుంది, కోపం మిగులుతుంది. అలా కాకుండా ఏదైనా చెయ్యాలి.

"నువ్వు ఆ కాలవ పక్కనే పుట్టావు కదూ?"

"మూడు వంతెనల అవతల. మా తాతది బొగ్గు పడవ."

"అయితే రా. గంటలో తేలుతుంది. నేను తప్పయితే ఇక నోరెత్తను."

* * *

లాంబర్ట్ ఫెన్ ఇల్లు పైకి చూస్తే నెత్తిన పడుతుందేమో అనిపించేంత ముందుకు వంగి ఉంటుంది. పెద్ద గుమ్మానికి మెట్లు, మెట్ల కింద నేలమాళిగ తలుపు. ఆ చిన్న తలుపు దగ్గరే శవం దొరికింది. బీరువా ముక్కలు ఇంకా అవతల, నీటి అంచు దగ్గర కుప్పగా ఉన్నాయి. దూలం కొక్కేనికి కప్పీ, కప్పీనుంచి తాడు అలాగే వేలాడుతోంది.

"సామాన్ల బండి ఎక్కడ ఆపారు ఆ రోజు?" అంది అలీడా.

"ఇక్కడే, నీళ్ళవైపు. బీరువా పడ్డచోటికి పక్కగా, అడ్డంగా."

"అంటే కాలవ అవతలివాళ్ళకి ఈ చిన్న తలుపు కనిపించదు. దీనిముందు రెండడుగులు దాటితే కనిపిస్తుంది. అవతలి కిటికీలకి తెరలు లేవు, ఎవరో ఒకరు చూసేస్తారు."

"అయితే?"

ఆమె లాంబర్ట్ వంటింట్లోంచి బంగాళాదుంపల సంచి తెచ్చింది. తాడు కొసకి కట్టి, రెండో కొస పట్టుకుని లాగింది. సంచి ఊగుతూ పైకి పోయింది. మూడో అంతస్తు దగ్గర ఆపి, బ్రామ్ కట్టిన కమ్మీకే ముడివేసింది. కాస్పర్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని రోడ్డు మధ్యన నిలబడి వంకరగా చూస్తున్నాడు.

"ఆడపిల్లలు బొమ్మలాట ఆడుకున్నట్టుంది."

"నిన్న కమిషనర్‌కి ఏమని చెప్పావు? 'బీరువా పై నుంచి పడుతుంటే చూసి ముసలాయన గుమ్మంలోకి పరుగెత్తి దానికిందే పడ్డాడు' అనేగా?"

"అవును. భయంలో మనిషికి దారి తెలీదు."

"పడుతోంది!" అని గట్టిగా అరిచి, ఆమె ముడి లాగేసింది.

కాస్పర్ ఆలోచించలేదు. జేబుల్లోంచి చేతులు ఎప్పుడొచ్చాయో అతనికే తెలీదు. ఒక్క గెంతులో గోడదగ్గరికి వచ్చి, వీపూ అరచేతులూ ఇటుకలకి అతికించి, గడ్డం గుండెలకి ఆనించి నిలబడ్డాడు. సంచి వాళ్ళిద్దరికీ ఎదురుగా, నీటి అంచున పగిలింది. బంగాళాదుంపలు దొర్లుకుంటూ పోయి ఒక్కొక్కటే కాలవలో పడ్డాయి.

ఒక బాతు ఈదుకుంటూ వచ్చి దుంపని ముక్కుతో పొడిచి చూసింది.

"మీ తాత నేర్పాడా?" అంది అలీడా.

కాస్పర్ మొహం ఎర్రబడింది. "నువ్వు... ఇది... మోసం ఇది."

"నువ్వు మూడు వంతెనల అవతల పుట్టావు. లాంబర్ట్ ఈ ఇంట్లోనే పుట్టాడు. ఆయన వొంటికి తెలీదా? భయంలోనే తెలుస్తుంది కాస్పర్, నువ్వన్నదానికి సరిగ్గా తిరగేసి. గోడవార ఉన్నవాడిమీద ఏదీ పడదు. ఆయన చచ్చాక ఎవరో ఇక్కడిదాకా ఈడ్చారు. బండి చాటున ఎంత దూరం ఈడవగలరో అంతే. తర్వాత కమ్మీ దగ్గర ముడి విప్పారు. ఇందాక నేను ఎక్కడున్నాను? గోడకి ఆనుకునే. నాకేమైనా అయిందా?"

అతను గోడ వదలకుండానే ఉన్నాడు. అవమానం కోపంగా మారడం ఆమె అతని మొహంలో చూసింది. ఆ కోపం ఆమెమీదే. పర్వాలేదు. ఎవరిమీదైనా ఉండనీ, బయటికి రానీ.

"కాఫీకి పిలిచినవాడు..." అని కాస్పర్ నెమ్మదిగా మొదలుపెట్టి ఆగాడు.

"డబ్బా మూత తీసి వదిలేశాడు," అంది అలీడా. "ఇద్దరు మొగాళ్ళు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోడానికి."

"మూత తీసి?" కాస్పర్ గోడని వదిలాడు. "సామాన్లవాళ్ళకా?"

* * *

నేలమాళిగలో వాసన ముందు తెలిసింది. తడి వాసన కాదు, ఎండుతున్న కుళ్ళు వాసన. మధ్య గోడనిండా పగుళ్ళు. ప్రతి పగులుకీ అడ్డంగా లాంబర్ట్ ప్లాస్టర్ పట్టీ అతికించాడు. ఇల్లు కదిలితే పట్టీ విరుగుతుంది. అన్నీ విరిగే ఉన్నాయి.

"ప్లాస్టర్!" అన్నాడు కాస్పర్.

"ఇది పాతది, గట్టిపడింది. గాయంలో ఉన్నది మెత్తటి కొత్త పొడి."

మూలన నేల తవ్వి, కింద పునాది దుంగల తలలు బయటపెట్టాడు ముసలాయన. అలీడా వంగి బొటనవేలితో నొక్కింది. వేలు నానిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. ఇంటిబరువంతా మోసే దుంగ. నాలుగు వందల ఏళ్ళు ఇనుములా ఉన్నది ఇప్పుడు వేలిగోటికి లొంగిపోతోంది. ఎవరో కాల్చెయ్యలేదు, కూలగొట్టలేదు. కిందినుంచి చడీచప్పుడూ లేకుండా నీళ్ళు లాగేశారు, అంతే. నీళ్ళు పోతే గాలే మిగతా పని చేస్తుంది. ఇల్లు దానంతటదే ప్రమాదకరం అయిపోతుంది. అప్పుడు ముసలాడు ఎంతకిస్తే అంతకి అమ్ముకుంటాడు. ఎంత శుభ్రమైన పని!

గోడ అవతల్నుంచి మోటారు చప్పుడు వినిపిస్తోంది. గురగురమని తిరిగి, కొన్ని క్షణాలకోసారి దగ్గుతోంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు.

రెండు ఇళ్ళనీ ఒకప్పుడు అన్నదమ్ములు కట్టుకున్నారు. మధ్య గోడలో పొట్టి తలుపు. దాని ముందు నేల మాత్రం, ఏదో ఈడ్చిన జాడ చెరిపేసినట్టు, నీటుగా ఊడ్చి ఉంది. అలీడా తట్టింది.

"రండి, రండి!" ఫ్లోరిస్ టెడింగే తలుపు తీశాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మెత్తటి స్వెట్టరు, ఇంకా మెత్తటి గొంతు. "పాపం లాంబర్ట్. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు ఇన్‌స్పెక్టర్ గారూ."

అతని నేలమాళిగ గోడలు పాలలా తెల్లగా ఉన్నాయి. కొత్త ప్లాస్టర్. ఒక మూల ఇంకా ఆరలేదు, పక్కనే పనివాళ్ళు వదిలేసిన తాపీ, సుత్తి. మధ్యలో నేలలో లోతైన గొయ్యి, అందులోకి దిగిన గొట్టం, పక్కన మోటారు, గోడమీద దాని స్విచ్చి.

"ఇది దేనికి?" అంది అలీడా.

"చెమ్మకి. చిన్న మోటారు. ఇక్కడ భోజనాల గది పెడుతున్నాను."

"లాంబర్ట్ దీని గురించి మీతో గొడవపడ్డాడా?"

"ఆయన అందరితోనూ పడేవాడు. వయసు. నేనేం పట్టించుకోలేదు."

"ఆ రోజు పొద్దున?"

"ఆ రోజు నేను ఆయన్ని చూడనే లేదు. సామానువాళ్ళతో ఉన్నాను. అడగండి కావాలంటే."

"ఫోన్ వచ్చిందట మీకు."

"అవును. మా వడ్రంగి."

"చాలాసేపు మాట్లాడాడే వడ్రంగి."

"వడ్రంగులు మాట్లాడతారు, పని చెయ్యరు." అతను నవ్వాడు. కాస్పర్ నవ్వలేదు. ఫ్లోరిస్ అది గమనించాడు.

మోటారు మళ్ళీ దగ్గింది.

"దీనికేమైంది?" అంది అలీడా, ఏమీ ఎరగనట్టు.

"చెత్తేదో పట్టింది. రెండు రోజులుగా ఇదే వరస. మెకానిక్ రేపొస్తానన్నాడు."

రెండు రోజులు. ఆమె కాస్పర్ వైపు చూడలేదు. చూడక్కర్లేకపోయింది. అతను ఊపిరి బిగబట్టడం వినిపించింది.

లాంబర్ట్ ఈ తలుపులోంచే వచ్చి ఉంటాడు. చెక్కబూట్లతో టకటకలాడుకుంటూ. తన ఇంటి నీళ్ళు తాగేస్తున్నదాన్ని ఆపడానికి. చెయ్యి స్విచ్చిమీదకి చాపి ఉంటాడు. వెనకనుంచి ఆ ప్లాస్టర్ పనివాళ్ళ సుత్తి. పడ్డ మనిషి కాలు విదిలిస్తాడు, విదిలిస్తే వదులు బూటు ఎగిరి ఆ గొయ్యిలోకి...

"ఆపుతున్నాను," అంది.

"వద్దండీ, నీళ్ళు పైకొచ్చేస్తాయి. కొత్త నేల. పాడైతే నష్టం ఎవరిస్తారు?"

"నేనిస్తాను," అన్నాడు కాస్పర్. అతని గొంతు అలీడాకి కొత్తగా వినిపించింది. "ఆపు."

ఆమె స్విచ్చి నొక్కింది. మోటారు ఒకసారి గట్టిగా దగ్గి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మట్టిలోంచి నీళ్ళు చెమర్చడం వినిపించింది.

ఫ్లోరిస్ భుజాలు ఎగరేశాడు. ఆ గొయ్యిలో ఏముందో అతనికి తెలీదు. అది అలీడాకి ఆ క్షణంలోనే అర్థమైంది. అతను ఆ బూటు కోసం ఇల్లంతా వెతికి ఉంటాడు, కాలవలోకే పోయిందని పోలీసులే చెబితే నమ్మేసి హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటాడు.

"సరే, చూసుకోండి మీ ముచ్చట. ఈలోగా కాఫీ తెస్తాను." పైకి వెళ్ళాడు. కాస్పర్ వెళ్ళి మెట్ల మొదట్లో నిలబడ్డాడు.

ఫ్లోరిస్ పళ్ళెంతో దిగి వచ్చేసరికి గొయ్యిలో నల్లటి నీళ్ళు సగానికి పైగా వచ్చాయి. కప్పులు పెట్టి, రేకు డబ్బా మూత తీసి అలీడా ముందుకి చాపాడు.

"తీసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. మొహమాటపడకండి. రెండు తీసుకోండి."

టక్.

చిన్న చప్పుడే. చెక్క రాతికి తగిలిన చప్పుడు. ముగ్గురూ గొయ్యిలోకి చూశారు. గొట్టం విడిచిపెట్టిన పసుప్పచ్చ చెక్కబూటు నీళ్ళమీద మెల్లగా తిరుగుతోంది. కుడికాలిది. లోపల తెల్ల ప్లాస్టర్ మరక, దాని అంచున నీళ్ళకీ పోని నెత్తుటి గోధుమరంగు చార.

ఫ్లోరిస్ చేతిలోని డబ్బాలో బిస్కెట్లు ఒకదానికొకటి రాసుకున్నాయి. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆపమని మొహం కండరాలకి ఎవరూ చెప్పనట్టు.

"కాస్పర్," అంది అలీడా. "స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. బ్రామ్‌తో చెప్పమను. ఆ ముడి జారలేదని."

కాస్పర్ ఫోన్ తీశాడు. మెట్లకి అడ్డం తప్పుకోలేదు.

ఫ్లోరిస్ డబ్బా ఇంకా ఆమె ముందే పట్టుకుని ఉన్నాడు. దాల్చినచెక్క వాసన వస్తోంది. ఆమెకి దవడల్లో నొప్పి లేదు. చెయ్యి చాపింది. పళ్ళెంలోంచి మూత తీసుకుని, డబ్బామీద పెట్టి, అది టక్కున పడేదాకా వేలితో నొక్కింది.